కాలర్ తిప్పినంక

పొద్దున్నే తెర మీద ఒక చీటీ:
"ఈ ఫోనుకు ఇకపై అప్‌డేట్‌లు పంపబడవు."
పంపబడవట.
పంపనిదెవరో పేరు రాయలేదు.
ఇల్లు ఖాళీ చెయ్యమనే కాగితం మీదన్న
ఓనరు సంతకం ఉంటది.

వారాసిగూడల మెట్ల కింద దుకాణం నాది.
నాలుగడుగుల జాగా, ఒక మిషను, ఒక బల్బు.
కొత్తవి కుట్టను. ఆల్ట్రేషన్ ఒక్కటే.
ఫోనుకు ఆరేండ్లు. మనిషైతే
ఇప్పుడిప్పుడే బడికి పోతుండె.
మూల పగిలింది గానీ గొంతు మంచిదే,
బ్యాటరీ నిరుడే మార్పించిన.

జగదీశ్ మార్కెట్ల ముబీన్ అద్దం నొసటికెత్తి
"దీనికేం రోగం లేదక్కా" అన్నడు,
"కంపెనీకే ఓపిక అయిపోయింది.
వేరేవాళ్ళ సిస్టమ్ ఉంది, ఎక్కిస్త.
ఇంకో మూడేండ్లు లాగుతది.
ఏడాదికి ఆరొందలు వాళ్ళకు,
రెండొందలు నాకు."

వాళ్ళెవరంటే సరిగ్గ తెలువదన్నడు.
ఏదో చలిదేశం, ఏడెనిమిది మంది,
ఇడిసిపెట్టిన ఫోన్లకు అతుకులేసుకుంట బతుకుతరట.

పక్క స్టూలు మీది పిలగాడు నవ్విండు:
"సిస్టమ్‌కు పైసలేంది ఆంటీ, ఊకెనే దొరుకుతయి."
దొరుకుతయేమో బిడ్డా.
నా కాడికీ వస్తరు గట్ల,
ఒక్క గుండీయే కదా అనుకుంట.
గుండీకి దారం కావాలె,
దారానికి సూది,
సూదికి నా కన్ను.

మా నాయిన సిటీ బస్సుల కండక్టరు.
ఖాకీ అంగీ మెడకాడ అరిగి తెల్లబడితే
అమ్మ రాత్రి కూసొని కుట్లు విప్పేది,
కాలర్ తిప్పి, అరిగిన దిక్కు లోపలికేసి
మళ్ళ కుట్టేది.
అంగీ అదే. మెడ అదే.
ఇంకో రెండేండ్లు నిలబడే టికెట్లు కొట్టిండు.

"ఒక మాట" అన్నడు ముబీన్,
"ఎక్కియ్యాలంటే మొత్తం తుడవాలె."

ఫొటోలు ఆయనే ఎక్కడనో దాస్తనన్నడు.
నంబర్ల కాడ నాకే నమ్మకం లేక
మార్కెట్ మెట్ల మీద కూసున్న,
కొలతల బుక్కు ఎనక పేజీలల్ల
నూట పదకొండు నంబర్లు రాసిన.
చూడకుంట నోటికొచ్చినయి రెండే:
నాదొకటి,
పోయినేడు పోయిన శకుంతలక్కది ఒకటి.
ఆ నంబరు ఇప్పుడెవరి జేబుల మోగుతుందో.
రాయకుంట లేచిన.
నాలుగు మెట్లు దిగి, నిలబడి,
గోడకానిచ్చి రాసిన.

తెల్లారి తెరిస్తే
కంపెనీ పేరు లేదు, ఆ పాత గంట లేదు,
"మీ భాష ఏది" అని అడిగింది.
చెప్పిన.
తెలుగే, కొంచెం వంకరగ.
ఫొటోలల్ల తెల్ల లంగా
పసుపంటినట్టు కనబడుతుంది.
వేలిముద్ర గుర్తువట్టదు.
బ్యాంకు యాప్ తెరిస్తే
"ఈ పరికరాన్ని విశ్వసించలేము."
ఏలు నాది, పైసలు నావి,
నమ్మకం మాత్రం వాళ్ళ జేబుల.
గోడ మీద స్కానర్ కాగితం ఉండనే ఉంది,
డబ్బా అరుస్తనే ఉంది "ముప్పై రూపాయలు" అని.
లెక్క చూసుకోవాలంటే
నెలకోసారి పాసుబుక్కు పట్టుకొని నడుస్తున్న.
ముబీన్ మీద కోపమొచ్చింది ఒక వారం.
తర్వాత రాలేదు.

నిన్నటికి ఏడాది.
కట్టమని చీటీ వచ్చింది.
ఈసారి కింద ఎవరిదో పేరుంది,
నాకు నోరు తిరగని పేరు.
ఆరొందలు కట్టించిన.
మా దుకాణంల కూడ
రసీదు మీద నా పేరే ఉంటది.

కాలర్ ఒక్కసారే తిప్పొచ్చు.
ఆ దిక్కు కూడ అరిగితే ఏం చేస్తవని
చిన్నప్పుడు అమ్మనడిగిన.
పండ్ల నడుమ దారం పట్టి కొరుకుతుంది అప్పుడు.
నోరు ఖాళీ లేదు.